మిషన్ మీద వేసిన నింద

మొన్న నువ్వు స్కూటీ మీంచి పడితే మంచిర్యాలలో ఎడమచేతికి ఎక్స్‌రే తీయించాం చూడు, అక్కడి అమ్మాయి నిన్ను పక్కకు పిలిచి "నెల తప్పలేదు గదా?" అని అడిగింది. నీకు ముక్కు మీదికి కోపం వచ్చింది. "డిగ్రీ సదువుకుంట ఉన్న, పెండ్లే కాలే, నన్ను గట్ల అడుగుడేంది అమ్మమ్మా?" అని ఆటోలో దారి పొడుగునా గొణిగావు. నాకేమో నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరు గుర్తొచ్చారని అడిగితే తర్వాత చెప్తా అన్నాను. ఇదిగో, ఇప్పుడు చెప్తున్నాను. కుడిచెయ్యి బాగానే ఉంది కదా, రాసుకో. నేను చెప్పేది పదిమంది చదివేటట్టు దిద్దుకో, ఏమీ అనను. కానీ ఇందులోని వాళ్లు అప్పట్లో మాట్లాడిన మాటలను మాత్రం దిద్దకు. నాకు గుర్తొచ్చిన ఆయన పేరు కూడా రాయకు. పేరు పెట్టి నలుగురిలో పొగిడితే లేచి వెళ్లిపోయే మనిషి. చనిపోయి ఏడాదైనా ఆ సిగ్గును మనం గౌరవించాలి.

ఆయన్ను మేమంతా ఎక్స్‌రే సారు అనేవాళ్లం. మందమర్రి అవతల, బొగ్గుబాయి బస్తీ పక్కన ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. అందులో ఆయన ఎక్స్‌రేలు తీసేవాడు, నేను డార్క్‌రూంలో ఫిల్ములు కడిగేదాన్ని. అంటే ఆయన తీసిన ఫిల్మును పెట్టెతో సహా గోడలోని కిటికీలోంచి అందిస్తాడు. నేను చీకటిగదిలో ఎర్రబల్బు కింద దాన్ని మందునీళ్లలో ముంచి తీసి ఆరేస్తాను. మీ తాతది బాయిలో బొగ్గు తవ్వే పని. పదో తరగతి పాసైన ఆడది ఆ బస్తీలో అప్పుడు నేనొక్కదాన్నే, అందుకని ఆ కొలువు నాకు దొరికింది.

సారు చూడగానే గుర్తుండిపోయే మనిషేం కాదు. గొంతు మాత్రం ఒక్కసారి వింటే మరిచిపోలేం. బాయిలో పనిచేసేవాళ్లకు ఛాతీ ఎక్స్‌రేలు తప్పవు కదా, వరసగా నిలబడేవాళ్లు. సారు ఒక్కొక్కణ్ణి పలకకు ఆనించి నిలబెట్టి, "దమ్ము పట్టు... పట్టు... పట్టు... ఇడువు" అనేవాడు. ఆ 'ఇడువు' వినబడేదాకా గోడవతల నేను కూడా ఊపిరి బిగబట్టేదాన్ని. సారు సైకిల్ మీద బజార్లో పోతుంటే కార్మికులు రోడ్డు పక్కన ఛాతీ ఉబ్బించి, బుగ్గలు బిగించి నిలబడేవాళ్లు. ఆయన బ్రేకు వేసి "ఇడువుండ్రి" అనేదాకా ఊపిరి వదిలేవాళ్లు కాదు. ఒకసారి ఒకతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "సారూ, నా గుండెల ఎవలున్నరో కనవడ్డదా?" అని అడిగాడు. "గుండెల ఎవలు లేరు గని, ఊపిరితిత్తులల్ల మాత్రం బీడీల కార్ఖాన ఉన్నది" అన్నాడు సారు. లైనంతా నవ్వు. నవ్వనివాడు సారొక్కడే.

ఇక ఆడవాళ్లను అడిగే ఆ మాట. ఈ రోజుల్లో గోడ మీద బోర్డు ఉంది. అప్పుడు బోర్డూ లేదు, అడిగేవాళ్లూ లేరు. సారు మాత్రం పెళ్లైన ప్రతి ఆడమనిషినీ మొహం మీదే అడిగేవాడు, నెల తప్పిందా అని. కడుపులో పసిగుడ్డు ఉంటే దానికి కిరణాలు తగలకూడదని ఆయన పట్టుదల. ఒకరోజు ఒకామె భర్త సారు కాలరు పట్టుకున్నాడు. "నా పెండ్లాన్ని గదేం అడుగుడు?" అని. సారు కాలరు విడిపించుకోలేదు. అట్లాగే నిలబడి, "నువ్వు చెప్పినా మంచిదే. తప్పిందా?" అన్నాడు. ఆ మనిషి చెయ్యి దానంతటదే జారిపోయింది.

ఆ గొడవ తర్వాత అడిగే పని నాకు అప్పజెప్పాడు. అప్పజెప్పి ఊరుకున్నాడా?

"చెల్లె, అడిగినవా?"

"అడిగిన సారూ."

"మొఖం చూసి అడిగినవా, గోడ చూసి అడిగినవా?"

నిజానికి నేను గోడ చూసే అడిగేదాన్ని. మళ్లీ వెళ్లి మొహం చూసి అడిగితే అప్పుడు ఒక్కోసారి అవతలి ఆమె తల దించుకుని "వారం ఎక్కింది అక్కా" అనేది. సారు వెంటనే మిషన్ ఆపేసి డాక్టరుకు చీటీ రాసి పంపేవాడు.

ఇంకొకటి చెప్పాలి, బిల్ల సంగతి. ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్లందరికీ ఛాతీకి పెట్టుకోవడానికి ఒక బిల్ల ఇస్తారు. లోపల చిన్న ఫిల్ము ముక్క ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపిస్తే, మన ఒంటికి ఎంత కిరణం తగిలిందో చూసి కాగితం పంపుతారు. సారు పని ఉన్నంతసేపు అది పెట్టుకునేవాడు, పని అయిపోగానే తీసి ఆఫీసు గోడకు తగిలించేవాడు. ఒక్కోసారి మరిచిపోయి ఇంటిదాకా వెళ్లి, "ఎండల తిరిగితే లెక్క చెడిపోతది" అని మళ్లీ సైకిలెక్కి అంత దూరం వచ్చి తగిలించి పోయేవాడు. మంగలి కూడా ఒకసారి అడిగాడట, "ఏం బిల్ల సారూ, బస్సు పాసా?" అని.

మరి నేనేం చేశాను? మందునీళ్లు పడి పాడవుతుందని, పోగొట్టుకుంటే జవాబు చెప్పుకోవాలని, నా బిల్లను ప్లాస్టిక్ కవరులో చుట్టి డ్రాయరులో కుంకుమ పొట్లం పక్కన దాచాను. లెక్కకు పంపడానికి తీయడం తప్ప, ఏండ్లు అది అక్కడే ఉంది. "గది పుస్తెల తాడు గాదు చెల్లె, దాసిపెట్టుకునుటానికి" అని సారు మొత్తుకునేవాడు. కాగితాలు వచ్చినప్పుడు మార్కులు చదివినట్టు గట్టిగా చదివేవాడు. నాకు ఎప్పుడూ ఏమీ తగలనట్టే వచ్చేది. నేను గర్వంగా చూస్తే, "నీ డ్రాయరుకు ఏం తాకలేదని రాసిండ్రు. నీకు తాకిందో లేదో వాళ్లకేం ఎరుక" అనేవాడు. నేను నవ్వేసేదాన్ని. ఆ నవ్వు తర్వాత నా మెడకే చుట్టుకుంది.

సారు భార్యది సిరిసిల్ల. మగ్గాల ఇంటి పిల్ల. సారు నన్ను చెల్లె అనేవాడు కాబట్టి ఆమె నాకు వదినె, నేను ఆమెకు వదినె. వాళ్లకు మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. మెత్తటి చేతులు, కొంచెం వాలుగా ఉండే కళ్లు. మెడ నిలపడానికే చాలా రోజులు పట్టింది. కరీంనగర్ డాక్టరు చూసి డౌన్ సిండ్రోమ్ అన్నాడు, రక్తంలోని క్రోమోజోములు పరీక్ష చేయించమని హైదరాబాదుకు రాశాడు. పిల్లతో పాటు మొగుడూ పెళ్లామూ ఇద్దరూ రక్తం ఇచ్చి వచ్చారు.

సారు వాళ్ల అవ్వ, అంటే తల్లి, ఇంట్లోనే ఉండేది. నోరు మంచిది కాదు. పిల్ల పుట్టినప్పటి నుంచి కోడలి మీద పడింది. "మా ఇంట ఏడు తరాలల్ల గిట్లాంటి పిల్ల పుట్టలే. సిరిసిల్లకెళ్లి ఏం మూట కట్టుకొచ్చినవే?" అని బజారు వినేటట్టు అనేది. హైదరాబాదు నుంచి కాగితం వచ్చిన రోజు సారు వాకిట్లో నిలబడి, అవ్వతో అందరూ వినేటట్టే చెప్పాడట.

"అవ్వా, కోడల్ని అనకు. నా పని అసొంటిది. మిషన్ కిరణాలు నాకు తాకినయ్, నా బిడ్డకు దిగినయ్. ఇంకేమన్న ఉంటె నన్ను అను."

అవ్వ కోడల్ని వదిలిపెట్టింది. ఇంట్లో కొడుకును, బయట మిషన్‌ను పట్టుకుంది. ఒక మంగళవారం నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు కొంగులో కట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. లైన్లో ఉన్న కార్మికులను తోసుకుని లోపలికి పోయి, ఎక్స్‌రే మిషన్ చుట్టూ మిరపకాయలు తిప్పి, నిమ్మకాయ కోసి దాని నెత్తిన కుంకుమ అద్ది, "నా మనుమరాలిని తిన్నవు, నీ కండ్లు పోను" అని శాపనార్థాలు పెట్టింది. సారు చేతులు కట్టుకుని పక్కన నిలబడి అంతా అయ్యేదాకా చూశాడు. "అయిందా అవ్వా? జర తలుపు దగ్గరికేసి పో, దుమ్ము పడ్తది" అన్నాడు. తర్వాత దూది తీసుకుని కుంకుమ తుడిచాడు. అంత మెత్తగా తుడుస్తుంటే మిషన్‌కు క్షమాపణ చెప్తున్నట్టు అనిపించింది నాకు. ఎందుకట్లా అనిపించిందో అప్పుడు అర్థం కాలేదు.

అప్పటినుంచి బస్తీలో ఆ పిల్లకు ఎక్స్‌రే పిల్ల అని పేరు పడింది. సారు ఆమెను సైకిల్ ముందర చిన్న సీటు మీద కూర్చోబెట్టుకుని బజారంతా తిప్పేవాడు. ఎవరైనా పిల్లకేమైందని అడిగితే "నా పని వల్లనే" అని చెప్పి బెల్లు కొట్టుకుంటూ పోయేవాడు. పిల్లకు ఆ బెల్లంటే ఇష్టం.

మూడేండ్లు ఇట్లా గడిచాయి. అప్పుడు నేను నెల తప్పాను. పెళ్లై ఆరేండ్లయినా కడుపు పండలేదని అందరూ చేతులెత్తేశాక వచ్చిన కడుపు. నాలుగు రోజులు సంబురపడ్డాను. ఐదోరోజు నుంచి నిద్ర లేదు. సారుకే అట్లా అయితే, ఏండ్ల తరబడి ఆ గోడవతలే ఉన్న నాకు? బిల్ల ఒంటి మీద ఉంటే కాగితమైనా చెప్పేది. అది డ్రాయరులో ఉంది. నాకెంత తగిలిందో చెప్పే దిక్కే లేదు. మీ తాత తక్కువ భయస్థుడా? "మనకు పిల్లలు లేకున్నా మంచిదే. గంత బరువు మనతోని కాదు" అన్నాడు. ఇద్దరం కలిసే అనుకున్నాం, కరీంనగర్ పోయి తీయించేసుకుందామని. శనివారం సారును సెలవడిగాను.

"ఎందుకు చెల్లె?"

"సోమవారం కరీంనగర్ పోతున్న సారూ."

"ఏం పని?"

నేను గోడ చూశాను.

"మొఖం చూసి చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆయన ఎక్స్‌రే బల్ల అంచున కూర్చుండిపోయాడు. "ఆరేండ్లకు అచ్చింది గదా చెల్లె" అన్నాడు.

"మీ పాపను చూసినంక నాకు ధైర్యం సాలుతలేదు సారూ. నా బిల్ల గూడ పెట్టుకోకపోతి."

లేచి బీరువా తీసి తన కాగితాలు అన్నీ నా ముందర పరిచాడు. "గివి నావి. మిషన్ పక్కన నిలవడెటోన్ని నేను. ఒక్క పూట బిల్ల లేకుంట పనిచెయ్యలే, నీకెరుకే. ఒక్కపారి గూడ హద్దు దాటలే, చూడు. నువ్వేమో గోడవతల ఉంటివి. నాకు రానిది నీకేడికెళ్లి వస్తది?"

చూశాను. నిజమే. ఆయన చెప్పింది మనసుకు ఎక్కింది కూడా. కానీ ఎక్కిన వెంటనే ఇంకో మాట నోట్లోంచి వచ్చేసింది.

"మరి పాపకెట్ల అచ్చింది సారూ?"

ఆ గదిలో ఎందరికో దమ్ము పట్టమని చెప్పిన మనిషి, ఆ రోజు తనే పట్టి నిలబడ్డాడు.

"రేపు ఒక్కరోజు ఆగు. కరీంనగర్ ఏడికి పోదు" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే వదినె మా ఇంటికి వచ్చింది. సారు లోపలికి రాలేదు. పిల్లను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని దడి బయటే నిలబడ్డాడు. వదినె చాప మీద కూర్చుని, సంచిలోంచి హైదరాబాదు కాగితం తీసి నా ఒళ్లో పెట్టింది. దాని మీద నల్లటి పురుగుల్లాంటి గీతలు, జంటలు జంటలుగా అంటించి ఉన్నాయి.

"గివి నా రక్తంలయి" అంది. "నువ్వు మగ్గం చూసినవా వదినె?"

"చూసిన."

"పడుగుల ఒక పోగు తెగి, పక్క పోగుకు ముడివడ్డదనుకో. పోగులన్ని ఆడనే ఉన్నయ్, ఏది పోలే. బట్ట మంచిగనే వస్తది. నేను గసొంటి బట్టను. నాకు పుట్టుకతోనే ఒక ముడి ఉన్నది, నాకేం కాలే. పిల్లకు పోగులు పంచినప్పుడు ఆ ముడి పోగు ఎక్కువ వడ్డది. గంతే. హైదరాబాదు డాక్టరు బొమ్మేసి చెప్పిండు. నాకు మగ్గం ఎరుకే గన్క జల్ది అర్థమైంది."

"మరి మిషన్?"

"మిషన్‌కు, మా పిల్లకు సంబంధం లేదు. గీ ముడి నన్ను కన్న అవ్వకెళ్లి అచ్చిందే గావచ్చు, ఆమెకు నాకంటె ముందుగాల రెండు కడుపులు పోయినయ్. అప్పుడు ఈయన ఏడున్నడు, ఈయన మిషన్ ఏడున్నది?"

వదినె గడపవతల చూస్తూ చెప్పింది. "కాగితం అచ్చిననాడు నేను ఏడ్చుకుంట కూసున్న. అత్త నోట్లె పడి ఇగ బతుకనన్న. అప్పుడు అన్నడు ఈ మాట. మిషన్‌కు నోరు లేదు, దాని మీద ఏస్తె ఎవలకు నొప్పి పుట్టదన్నడు. మూడేండ్ల సంది నా బదులు తను మాటలు పడ్డడు. నీ కడుపుదాక వస్తదని ఇద్దరం అనుకోలే. రాత్రి అడిగిండు, 'చెప్పాల్నా వద్దా, నువ్వు వద్దంటే చెప్ప' అని. ఆయన చెప్తె నిన్ను ఓదార్చుటానికి ఇంకో అబద్ధం అనుకుంటవని, నేనే అచ్చిన."

"మీ అత్తకు ఎరుకైతే?"

"చెప్పే అచ్చిన. పొయ్యికాడ కూసున్నది. చాయ పోసిస్తె తాగుతలేదు."

నేను వదినె చేతులు పట్టుకుని ఏడ్చాను. బయటికి వస్తే సారు తల దించుకుని ఉన్నాడు. "తప్పు నాది చెల్లె. అవ్వ నోరు మూపియ్యాలని అన్న. ఇంకోడు అన్నా మంచిదే గని, ఆసుపత్రిల పనిచేసెటోడు అనవలసిన మాట గాదు అది" అన్నాడు. పిల్ల బెల్లు కొట్టింది.

నేను కరీంనగర్ పోలేదు. సోమవారం ఆసుపత్రికి పోతే, సారు కార్మికుల లైను ముందర నిలబడి ఉన్నాడు. "జర ఇనుండ్రి. మా పిల్ల సంగతిల మిషన్ తప్పు లేదు. నేను మూడేండ్లు అబద్ధం చెప్పిన" అన్నాడు. లైన్లో ముందున్నవాడు తెల్లబోయి, "మరి ఎవల తప్పు సారూ?" అని అడిగాడు.

"ఎవల తప్పు గాదు. దమ్ము పట్టు" అన్నాడు సారు.

బాగా నవ్వించేది అవ్వ. వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదట. తర్వాత అడిగిందట, "మూడేండ్లు నిన్ను తిట్టిచ్చినవు గదరా నాతోని. ముందుగాలనే నిజం చెప్తె ఏమైతుండె?" అని. "చెప్తె కోడల్ని తిడుదువు" అన్నాడు సారు. అవ్వ కొంచెంసేపు ఆలోచించి, "తిడుదును" అని ఒప్పుకుని, మనుమరాలికి తల దువ్వడానికి కూర్చుందట. సిరిసిల్లలో ఉన్న వదినె చెల్లెలు కూడా ఆ నెలలోనే హైదరాబాదు పోయి రక్తం ఇచ్చి వచ్చింది. ఆమెకు ముడి లేదు. నిజం బయటపడ్డాకే ఆ చెల్లెలికి ముడి సంగతి చెప్పగలిగారు.

నన్ను సారు కాన్పయ్యేదాకా డార్క్‌రూంలోకి రానివ్వలేదు. చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. "గోడ మంచిదే అంటివి గదా సారూ?" అంటే, "మంచిదే. నీ భయమే మంచిది గాదు. దానికి సెలవు" అన్నాడు. ఆ బల్ల దగ్గర కూడా బిల్ల పెట్టుకున్నాను. పుస్తెల పక్కనే.

మీ అమ్మ పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో వాళ్లు ముగ్గురూ ఉన్నారు. పిల్ల వదినె ఒళ్లో నిద్రపోతోంది. సారు లోపలికి తొంగి కూడా చూడలేదు. మంత్రసాని బిడ్డను తీసుకొచ్చి చూపించి, అంతా బాగుందని చెప్పాకే వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది. "నువ్వు మోసింది కడుపుల, ఈయన మోసింది నెత్తి మీద వదినె. నెలలు నిండేదాక సక్కగ తినలే" అంది వదినె.

అప్పుడు నాకు అడగాలనిపించింది. "ఏం గాదని గంత గట్టిగ చెప్తివి గదా సారూ. ఒకవేళ అయితే?"

"ఏం గాదని నేను చెప్పలే చెల్లె. మిషన్ వల్ల గాదన్న. గంతవరకే నాకు ఎరుక. పుట్టుక సంగతి ఎవలకెరుక?"

"మరి గట్లనే పుడితే?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎవరో ఎప్పుడో అడుగుతారని ముందే జవాబు సిద్ధం చేసుకున్నట్టు అనలేదు, ఏ పూట ఏం కూర అన్నంత మామూలుగా అన్నాడు.

"పుడితే రోజు మా ఇంటికి తోలు. మాదానికి ఆడుకునుటానికి ఎవలు లేరు."

బాగానే పుట్టింది, అయినా తోలాను. మీ అమ్మ నడక నేర్చింది ఆ ఇంటి వాకిట్లోనే. అక్షరాలు ఇద్దరూ కలిసే దిద్దారు. ఒకతె ఏడాదిలో, ఇంకొకతె ఆరేండ్లలో. నువ్వు పెద్దమ్మా అని పిలుస్తావే, వచ్చినప్పుడల్లా నీ జడ విప్పి మళ్లీ వేస్తుందే, ఆమే ఆ పిల్ల. నువ్వు ఇన్నాళ్లూ సొంత పెద్దమ్మే అనుకున్నావు. అట్లాగే అనుకో.

ఇందులో ఒక్క ముక్క మాత్రం మీ అమ్మకు తెలియదు. సోమవారం కరీంనగర్ పోదామనుకున్న ముక్క. ఇన్నేండ్లు నేనూ మీ తాతా నోరు విప్పలేదు. చెప్తే నొచ్చుకుంటుందని. వద్దనుకున్నారా నన్ను అంటుందేమోనని. మీ తాత చెప్పకుండానే పోయాడు. నువ్వు అది కొట్టేయకు, ఉన్నదున్నట్టు ఉంచు. పత్రికవాళ్లకు పంపేముందు అమ్మకు చదివి వినిపించు. నేను పక్క అర్రలో కూర్చుంటాను. ఆమె పిలిస్తే వస్తాను.